ప్రపంచ టైటిల్ గెలిచిన జపాన్ బాక్సర్ గట్స్ ఇషిమాత్సు పార్లమెంటు ఎన్నికలో ఎందుకు ఓడారు?

ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పకియావోలాగా ప్రపంచ టైటిల్ గెలిచి ఆ తర్వాత రాజకీయాల్లోకి దిగినవారు జపాన్‌లో ఎవరైనా ఉన్నారా, ఉంటే వారు అక్కడ ఎంతవరకు నెగ్గుకొచ్చారు అన్నది మీ ప్రశ్న. ఉన్నారు. ఆయన పేరు గట్స్ ఇషిమాత్సు. 1974లో ప్రపంచ టైటిళ్ళు ఇచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) లైట్‌వెయిట్ టైటిల్ గెలిచారు, 1996లో లిబరల్ డెమొక్రాటిక్ పార్టీ టికెట్టు మీద జపాన్ పార్లమెంటు దిగువ సభకు పోటీ చేసి ఓడిపోయారు. చాలా వ్యాసాలు ఈ రెండు ముక్కలూ చెప్పి, మధ్యలో ఆయన టీవీ హాస్యం గురించి నాలుగు మాటలు కలిపి ముగిస్తాయి. దానివల్ల ఆయన బాక్సింగ్‌కూ అన్యాయం జరుగుతోంది, ఆ ఎన్నిక ఓటమికి అసలు కారణమూ మరుగున పడుతోంది. నా అంచనా ముందే చెబుతాను. ఆయన ఓడింది పేరు లేక కాదు. పేరు ఒక్కటే ఉన్నవాడికి జపాన్‌లో ఏ ఎన్నిక అన్నిటికంటే కష్టమో, సరిగ్గా ఆ ఎన్నికలో ఆయన నిలబడ్డారు. ఇది వివరంగా చెప్పాలంటే ముందు ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి.

ఆయన అసలు పేరు సుజుకి యూజి. 1949 జూన్ 5న తోచిగి రాష్ట్రంలోని అవానో అనే కొండ ప్రాంతపు ఊళ్ళో, పేద కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు కనుమా నగరంలో భాగం. యుద్ధం ముగిసి జపాన్ పరిశ్రమలు వేగంగా పెరుగుతున్న ఆ రోజుల్లో పల్లెల పిల్లలు మాధ్యమిక పాఠశాల పూర్తికాగానే పనుల కోసం గుంపులు గుంపులుగా టోక్యో చేరేవారు. ఇషిమాత్సు కూడా ఆ చదువుతోనే ఆపి రాజధానికి వచ్చి, పనులు చేసుకుంటూ యోనెకురా జిమ్‌లో చేరి, 1966లో ప్రొఫెషనల్ బాక్సర్ అయ్యారు.

ఈ జిమ్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది లేకపోతే ఆయన లేరు. దాన్ని నడిపిన యోనెకురా కెంజి 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడినవారు. ప్రొఫెషనల్‌గా మారి పాస్కువాల్ పెరెజ్ మీద, జోసే బెసెరా మీద రెండుసార్లు ప్రపంచ టైటిల్‌కు పోటీపడి రెండుసార్లూ ఓడిపోయారు. తనకు దక్కనిది శిష్యులకు దక్కించాలన్న పట్టుదలతో జిమ్ నడిపి ఐదుగురిని ప్రపంచ విజేతలుగా తీర్చిదిద్దారు. షిబాటా కునియాకి, ఇషిమాత్సు, నకజిమా షిగేవో, ఓహాషి హిదెయుకి, కవాషిమా హిరోషి ఆ ఐదుగురు. వీరిలో ఓహాషి తర్వాత సొంత జిమ్ పెట్టారు, ఈనాటి గొప్ప బాక్సర్ నవోయా ఇనోవే ఆ జిమ్ నుంచి వచ్చినవాడే. అంటే యోనెకురా నాటిన విత్తు ఇంకా ఫలిస్తూనే ఉంది.

ఇషిమాత్సుకు శిక్షణ ఇచ్చిన ఎడీ టౌన్‌సెండ్ హవాయిలో పుట్టినవారు. జపాన్‌లో ప్రొఫెషనల్ రెజ్లింగ్‌కు ఆద్యుడనదగిన రికిదోజాన్ ఆయన్ని 1962లో జపాన్‌కు రప్పించారు. అప్పట్లో అక్కడి జిమ్‌లలో శిష్యులను వెదురు కత్తితో కొట్టి నేర్పించే పద్ధతి ఉండేది. టౌన్‌సెండ్ ఆ కత్తిని జిమ్‌లోంచి తీసేయమన్నారు. తన బాక్సర్ దెబ్బలు తినడం మొదలైతే మొండికేయకుండా తువ్వాలు విసిరి పోటీ ఆపించే ట్రైనర్‌గా కూడా ఆయనకు పేరు. పిల్లవాడి తర్వాతి బతుకు బాక్సింగ్ కంటే పొడవైనదని నమ్మిన మనిషి. ఇషిమాత్సు డెబ్బై ఏళ్ళు దాటాక కూడా చలాకీగా మాట్లాడగలుగుతున్నారంటే అందులో ఈ ట్రైనర్ పాత్ర కొంత ఉందనే నేను అనుకుంటాను.

ఇషిమాత్సు అనేది రింగ్ కోసం పెట్టుకున్న పేరు. 19వ శతాబ్దంలో షిమిజు నో జిరోచో అనే జూద నాయకుడి అనుచరుడిగా జానపద కథల్లో నిలిచిపోయిన మోరి నో ఇషిమాత్సు నుంచి అది వచ్చింది. ధైర్యం ఎక్కువ, ఆలోచన తక్కువ అన్నట్టు కథకులు చిత్రించే పాత్ర అది. ఆ పాత్ర తరహాలో వెడల్పాటి గడ్డి టోపీ పెట్టుకుని, చారల దుప్పటి కప్పుకుని ఇషిమాత్సు రింగ్‌లోకి వచ్చేవారు. మొదట సుజుకి ఇషిమాత్సుగా ఆడారు. 1974 టైటిల్ పోటీకి ముందు దానికి ‘గట్స్’ చేరింది. ఆ పిలుపు ఆయనలో ఉన్నదాన్ని మెచ్చుకుంటూ వచ్చింది కాదు, ఉండవలసినదాన్ని గుర్తుచేస్తూ వచ్చింది. అప్పటిదాకా ఆయన మీద ఉన్న ఫిర్యాదు, నైపుణ్యం ఉన్నా పోటీ బిగిసినప్పుడు పట్టు వదిలేస్తాడని.

ఆ ఫిర్యాదులో కొంత నిజం ఉన్నా, ఆయన ఎవరి చేతిలో ఓడారో కూడా చూడాలి. మొదటి ప్రపంచ టైటిల్ అవకాశం 1970 జూన్ 6న, అంటే ఇరవై ఒకటో పుట్టినరోజు మర్నాడు, పనామా నగరంలో ఇస్మాయెల్ లగూనా మీద వచ్చింది. 13వ రౌండ్‌లో టెక్నికల్ నాకౌట్ అయ్యారు, అంటే పోటీని మధ్యలో ఆపేసి ఆయన ఓడినట్టు ప్రకటించారు. రెండో అవకాశం 1973 సెప్టెంబరు 8న, మళ్ళీ పనామాలోనే. ఈసారి ఎదుట నిలిచినవాడు రోబెర్టో డురాన్. లైట్‌వెయిట్ చరిత్రలో డురాన్‌ను మించినవాడు లేడని వాదించేవారు నేటికీ ఎందరో ఉన్నారు, నేనూ ఆ వైపే. ఆ డురాన్‌ను సొంత గడ్డ మీద, సొంత జనం మధ్య ఎదుర్కొని ఇషిమాత్సు పదో రౌండ్ దాకా నిలిచి ఓడారు. రెండు ప్రపంచ టైటిల్ పోటీలు, రెండూ వేల మైళ్ళ దూరంలో, రెండూ ప్రత్యర్థి ఊళ్ళో. అక్కడితో ఆగిపోయిన బాక్సర్లు ఎందరో ఉన్నారు.

1974 ఏప్రిల్ 11న టోక్యోలోని నిహోన్ విశ్వవిద్యాలయ సభామందిరంలో మూడో అవకాశం వచ్చింది. డబ్ల్యూబీసీ విజేత మెక్సికోకు చెందిన రొడోల్ఫో గొంజాలెజ్, అనుభవం ఉన్న గట్టి దెబ్బలవాడు. గెలుపు ఆశలు ఇషిమాత్సు మీద పెట్టుకున్నవారు తక్కువ. ఎనిమిదో రౌండ్‌లో ఆయన కుడిచేతి దెబ్బలకు గొంజాలెజ్ నేలకూలి, పోటీ నాకౌట్‌తో ముగిసింది. జపాన్ పత్రికలు ఆ దెబ్బకు ‘కంటికి కనిపించని కుడి’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాయి. గెలిచిన క్షణంలో రెండు పిడికిళ్ళూ పైకెత్తి ఆయన చూపిన సంబరం ఎంత ప్రచారం పొందిందంటే, పిడికిలి బిగించి సంతోషం తెలిపే ఆ భంగిమకు గుర్తుగా జపాన్‌లో ఏప్రిల్ 11ను ‘గట్స్ పోజ్ దినం’గా చెప్పుకుంటారు. ఆ మాట అంతకుముందు బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటగాళ్ళ మధ్య వాడుకలో ఉన్నదే అయినా, దేశమంతటికీ తెలిసింది ఈ గెలుపుతోనే.

ఈ గెలుపు విలువ తెలియాలంటే బరువు విభాగం సంగతి గమనించాలి. 1952లో షిరాయి యోషియో ఫ్లైవెయిట్ టైటిల్ గెలిచి జపాన్‌కు మొదటి ప్రపంచ బెల్ట్ తెచ్చినప్పటి నుంచి ఆ దేశపు బలం ఎక్కువగా చిన్న బరువులలోనే ఉంది. 61.2 కిలోల పరిమితి గల లైట్‌వెయిట్ అమెరికా, లాటిన్ అమెరికా, బ్రిటన్ బాక్సర్లు దశాబ్దాల తరబడి ఏలిన విభాగం. ఆ విభాగంలో ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి ఆసియావాసి ఇషిమాత్సు.

గెలవడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం మరో ఎత్తు. ఆయన ఐదుసార్లు నిలబెట్టుకున్నారు. 1974 సెప్టెంబరులో నగోయాలో టూరీ పినెడాతో డ్రా, నవంబరులో ఒసాకాలో గొంజాలెజ్‌తో మళ్ళీ తలపడి 12వ రౌండ్‌లో నాకౌట్, 1975 ఫిబ్రవరి 27న టోక్యోలో కెన్ బుకానన్ మీద పాయింట్లపై గెలుపు, జూన్ 5న, తన ఇరవై ఆరో పుట్టినరోజున, పినెడా మీద పాయింట్లపై గెలుపు, డిసెంబరులో అల్వారో రోహాస్ మీద 14వ రౌండ్ నాకౌట్. అవి పదిహేను రౌండ్ల రోజులని మరిచిపోకూడదు.

వీటిలో నేను అన్నిటికంటే ఎక్కువగా చూపించాలనుకునేది బుకానన్ పోటీ. స్కాట్లండ్‌కు చెందిన బుకానన్ 1970లో లగూనాను ఓడించి ప్రపంచ విజేత అయ్యారు, 1972లో న్యూయార్క్‌లో డురాన్ చేతిలో టైటిల్ కోల్పోయారు. ఎడమ చేతిని చాచి వేగంగా కొట్టే ‘జాబ్’ దెబ్బతో దూరం కాపాడుకుంటూ, పాదాల కదలికతో ప్రత్యర్థిని అలసటకు గురిచేసే చక్కని పనివాడు. అలాంటివాడితో పదిహేను రౌండ్లు ఆడి గెలవాలంటే ఓపిక కావాలి, దూరం తెలియాలి, చివరి రౌండ్లకు ఊపిరి దాచుకోవాలి. ‘పట్టు వదిలేస్తాడు’ అన్న మాటకు ఇషిమాత్సు ఇచ్చిన సరైన జవాబు గొంజాలెజ్ నాకౌట్ కాదు, ఈ పోటీ.

1976 మే 8న పోర్టోరీకోలోని బయమోన్‌లో ఎస్తెబాన్ డి హెసూస్ చేతిలో పాయింట్లపై ఓడి టైటిల్ కోల్పోయారు. డి హెసూస్ 1972లో డురాన్‌ను టైటిల్ లేని పోటీలో ఓడించినవారు. 1978లో డురాన్ ఆయన్ని ఓడించి ఈ డబ్ల్యూబీసీ బెల్ట్‌ను తన దగ్గరున్న మరో ప్రపంచ సంస్థ డబ్ల్యూబీఏ బెల్ట్‌తో కలిపేశారు. లగూనా, బుకానన్, డురాన్, డి హెసూస్: 1970ల లైట్‌వెయిట్ చరిత్ర రాయాలంటే తప్పక రాయవలసిన ఈ నలుగురితోనూ ఇషిమాత్సు తలపడ్డారు. 1977లో పై బరువుకు వెళ్ళి థాయ్‌లాండ్‌కు చెందిన సేన్సక్ ముఅంగ్‌సురిన్ మీద రెండో విభాగపు టైటిల్‌కు ప్రయత్నించి ఆరో రౌండ్‌లో నాకౌట్ అయ్యారు, 1978లో విరమించారు. మొత్తం 51 పోటీలు, 31 గెలుపులు, అందులో 17 నాకౌట్లు, 14 ఓటములు, 6 డ్రాలు. ఈ రోజుల్లో ఒక్క ఓటమి రాగానే బాక్సర్ పని అయిపోయిందనే వ్యాఖ్యాతలు ఈ అంకెలను ఒకసారి చూడాలి.

ఇక రెండో జీవితం. విరమణ తర్వాత ఆయన నటనలోకి వెళ్ళారు. 1983లో మొదలై జపాన్ అంతా కట్టిపడేసిన ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఉదయపు ధారావాహికలో కనిపించారు, 1980ల చివర్లో రెండు హాలీవుడ్ చిత్రాల్లో చిన్న పాత్రలు వేశారు. కానీ ఇంటింటికీ ఆయన్ని చేర్చింది టీవీ వినోద కార్యక్రమాలే. అక్కడ అడిగినదానికి అమాయకంగా, పొంతన లేని జవాబులు చెప్పే పెద్దమనిషిగా ఆయన స్థిరపడ్డారు. బాక్సింగ్ తెలియని పిల్లలకు కూడా ఆయన ముఖం, మాట తెలుసు. ఓ మనిషిని ఒక దేశం ఇంతగా ఇష్టపడటం అరుదు. ఎన్నికల దగ్గరికి వచ్చేసరికి ఆ ఇష్టమే చిక్కు తెచ్చింది.

1996 అక్టోబరు 20న దిగువ సభకు ఎన్నిక జరిగింది. ప్రధాని హషిమోటో ర్యుతారో నాయకత్వంలోని లిబరల్ డెమొక్రాటిక్ పార్టీ ఇషిమాత్సును టోక్యో 9వ నియోజకవర్గంలో, అంటే నెరిమా ప్రాంతంలో, తన అభ్యర్థిగా నిలిపింది. ఆ ఎన్నికకు ఒక ప్రత్యేకత ఉంది. అంతకుముందు దశాబ్దాలుగా జపాన్ దిగువ సభ నియోజకవర్గాల్లో చాలావాటికి ముగ్గురి నుంచి ఐదుగురి దాకా సభ్యులు ఉండేవారు. ఒక్కో ఓటరుకు ఒకే ఓటు, పైన నిలిచిన ముగ్గురో నలుగురో ఐదుగురో గెలిచేవారు. అలాంటి చోట నూటికి పదిహేను, ఇరవై ఓట్లు వస్తే గెలుపు ఖాయం. ప్రాంతమంతటా పలచగా పరుచుకున్న అభిమానం ఉన్నవాడికి అది చాలు. 1994 సంస్కరణతో ఆ పద్ధతి పోయి 300 స్థానాలకు ఒక్కొక్కరే సభ్యుడు, మరో 200 స్థానాలను పదకొండు ప్రాంతాల వారీగా పార్టీలకు వచ్చిన ఓట్ల దామాషాలో పంచడం అన్న కొత్త పద్ధతి వచ్చింది. దాని కింద జరిగిన మొదటి ఎన్నికే 1996 నాటిది. ఒక్కరే గెలిచే చోట రెండో స్థానంలో నిలిస్తే ఆ నియోజకవర్గం దక్కదు.

ఒక్క సభ్యుడి నియోజకవర్గంలో జపాన్ అభ్యర్థి ఎలా గెలుస్తాడో కాస్త దగ్గరగా చూడాలి. ప్రచారానికి ఇచ్చే గడువు పన్నెండు రోజులే. ఇంటింటికీ తిరిగి ఓటు అడగడం చట్టం ప్రకారం నిషిద్ధం. పోస్టర్లు ప్రభుత్వం కట్టించిన బోర్డుల మీదే, కేటాయించిన గడిలోనే అంటించాలి. మిగిలింది మైకు బిగించిన వ్యాను, రైల్వే స్టేషన్ ముందు ఉపన్యాసం, తెల్ల చేతిగ్లవుజులతో చేతులు ఊపడం. ఇంత తక్కువ సమయంలో ఇన్ని ఆంక్షల మధ్య ఓట్లు తెచ్చేది ఆ పన్నెండు రోజుల పని కాదు, అంతకు ముందు పది పదిహేనేళ్ళ పని. దాన్ని చేసేది ‘కోఎన్‌కై’ అనే వ్యక్తిగత మద్దతుదారుల సంఘం. ఊళ్ళో పెళ్ళిళ్ళకు, చావులకు, బడి వేడుకలకు, దుకాణాల వీధి పండుగలకు అభ్యర్థి తరఫున ఏళ్ళ తరబడి హాజరయ్యే మనుషులు వాళ్ళే. మన దగ్గర బూత్ స్థాయి కార్యకర్త చేసే పని అక్కడ ఈ సంఘం చేస్తుంది, కాకపోతే అది పార్టీది కాదు, ఆ నాయకుడిది. అందుకే ఆ సంఘం తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలా సంక్రమించడం జపాన్‌లో మామూలు విషయం.

ఇషిమాత్సుకు అలాంటి సంఘం లేదు, ఉండే అవకాశమూ లేదు. ఆయన తోచిగి మనిషి. పోటీ చేసింది టోక్యోలో. తోచిగి కొండ పల్లెల్లో ఆయన పేరు మీద ఉన్న గర్వం నెరిమా అపార్టుమెంట్లలో ఓటుగా మారదు. పైగా టోక్యో ఓటరు అప్పుడు ఒక పార్టీకి కట్టుబడినవాడు కాదు. ఒజావా ఇచిరో నాయకత్వంలోని ‘షిన్‌షిన్‌తో’ అనే పార్టీ, ఎన్నికకు కొద్ది వారాల ముందు పుట్టిన డెమొక్రాటిక్ పార్టీ, నగరాల్లో బలమైన కమ్యూనిస్టు పార్టీ, అందరూ అదే ఓట్ల కోసం పోటీపడుతున్నారు. అమ్మకపు పన్నును మరుసటి ఏడాది మూడు నుంచి ఐదు శాతానికి పెంచడం మీద చర్చ నడుస్తోంది. టీవీలో నవ్వించే మనిషి మీద ఉన్న ప్రేమ, పన్ను గురించి సభలో తమ తరఫున మాట్లాడే మనిషి మీద ఉండే నమ్మకం, ఈ రెండూ ఒకటి కావు. దేశవ్యాప్తంగా ఆయన పార్టీ 500 స్థానాల్లో 239 గెలిచింది, ఒక్క సభ్యుడి స్థానాల్లో 169 గెలిచింది. పార్టీకి మంచి ఫలితం వచ్చిన ఎన్నికలోనే ఆయన ఓడిపోయారు. కాబట్టి ఎదురుగాలి వీచిందని కూడా చెప్పలేం.

ఇక్కడ ఒక చిన్న సంగతి. జపాన్ ఓటరు గుర్తు మీద ముద్ర వేయడు, మీట నొక్కడు. అభ్యర్థి పేరు తన చేత్తో బ్యాలెట్ మీద రాస్తాడు. అలాంటి దేశంలో అందరికీ తెలిసిన పేరు ఎంత లాభమో ఊహించండి. ఆ లాభం కూడా ఇషిమాత్సును గట్టెక్కించలేదంటే నియోజకవర్గపు పట్టు ఎంత బరువైనదో అర్థమవుతుంది.

ఇదే పేరుబలం మరో ద్వారం గుండా వెళితే ఏమవుతుందో ఆంటోనియో ఇనోకి చూపించారు. ఆయన బాక్సర్ కాదు, ప్రొఫెషనల్ రెజ్లర్. కానీ 1976 జూన్ 26న టోక్యో బుడోకాన్‌లో ముహమ్మద్ అలీతో పదిహేను రౌండ్లు తలపడి డ్రా చేసుకున్నవారు కాబట్టి బాక్సింగ్ చరిత్రలోనూ ఆయనకు చోటుంది. బ్రెజిల్‌కు వలస వెళ్ళిన కుటుంబంలోని ఆ కుర్రవాడిని గుర్తించి తీసుకొచ్చింది, టౌన్‌సెండ్‌ను జపాన్‌కు రప్పించిన ఆ రికిదోజానే. ఇనోకి 1989లో ‘స్పోర్ట్స్ అండ్ పీస్ పార్టీ’ అనే సొంత పార్టీ పెట్టి ఎగువ సభకు పోటీ చేశారు. ఎగువ సభలో కొన్ని స్థానాలకు దేశమంతా ఒకే నియోజకవర్గం, పార్టీకి వచ్చిన ఓట్లను బట్టి స్థానాలు. దేశం నలుమూలలా చెల్లాచెదురుగా ఉన్న అభిమానుల ఓట్లన్నీ ఒక్క చోట జమ అయ్యాయి, సుమారు పది లక్షలు. దాంతో ఒక స్థానం వచ్చింది. అప్పుడే కొత్తగా వచ్చిన అమ్మకపు పన్నును తన రెజ్లింగ్ పట్లతో దెబ్బతీస్తానని ఆయన చేసిన నినాదం ఆ ఏటి జనం కోపానికి సరిగ్గా సరిపోయింది. సభ్యుడయ్యాక 1990లో ఇరాక్ వెళ్ళి, బాగ్దాద్‌లో క్రీడా ప్రదర్శన ఏర్పాటు చేసి, అక్కడ నిర్బంధంలో ఉన్న జపాన్ పౌరుల విడుదలకు తోడ్పడ్డారు. 1995లో ఓడి, 2013లో మళ్ళీ గెలిచి, 2019 దాకా సభలో ఉన్నారు. 2022 అక్టోబరు 1న మరణించారు.

ఒకే మనిషి రెండు ద్వారాలూ ప్రయత్నించిన ఉదాహరణ కావాలంటే సుడో గెంకి ఉన్నారు. కె-1, యూఎఫ్‌సీ అనే ప్రొఫెషనల్ ఫైటింగ్ పోటీల్లో పేరు తెచ్చుకున్న ఈ ఫైటర్ 2019లో ఎగువ సభ దామాషా జాబితా ద్వారా గెలిచారు. 2001 నుంచి ఆ జాబితాలో ఓటరు పార్టీ పేరుకు బదులు అభ్యర్థి పేరు కూడా రాయవచ్చు కాబట్టి ప్రసిద్ధులకు అది ఇంకా అనుకూలమైంది. 2024లో ఆయన ఆ స్థానం వదులుకుని టోక్యో 15వ నియోజకవర్గం ఉప ఎన్నికలో స్వతంత్రుడిగా నిలబడి రెండో స్థానంలో ఆగిపోయారు. రెండు ఎన్నికల మధ్య మనిషి మారలేదు, పేరు మారలేదు, మారింది ఎన్నిక పద్ధతి, దానితో పాటు పార్టీ అండ. నా వాదనకు ఇది దగ్గరి రుజువు.

దీనికి మినహాయింపు లేకపోలేదు. హసే హిరోషి 1984 ఒలింపిక్స్‌లో కుస్తీ పట్టి, తర్వాత ప్రొఫెషనల్ రెజ్లర్ అయ్యారు. 1995లో ఇషికావా రాష్ట్రం నుంచి ఎగువ సభకు, 2000లో దిగువ సభకు గెలిచి, 2015లో విద్యాశాఖ మంత్రి అయి, 2022లో ఇషికావా గవర్నర్ అయ్యారు. ఆయన నిలబడింది సొంత రాష్ట్రంలో, తాను ఒకప్పుడు ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పిన ఊరు ఉన్న ప్రాంతంలో, పార్టీ పాత యంత్రాంగం అండతో. ఆయన్ని ఇషిమాత్సు పక్కన నిలబెట్టి చూస్తే తేడా పేరులో లేదు, నేలలో ఉంది.

ఇప్పుడు మీరు ప్రస్తావించిన పకియావో. ఆయన కూడా మొదటిసారే గెలవలేదు. 2007లో దక్షిణ కొటబాటో మొదటి నియోజకవర్గంలో, అప్పటికే పాతుకుపోయిన రాజకీయ కుటుంబానికి చెందిన డార్లీన్ ఆంటోనినో-కస్టోడియో చేతిలో ఓడారు. తర్వాత మకాం భార్య సొంత రాష్ట్రమైన సరంగానికి మార్చి, అక్కడ పని చేసి, సొంత పార్టీ నిర్మించుకుని 2010లో గెలిచారు. 2016లో సెనేట్‌కు వెళ్ళారు. అది దేశమంతా ఓటేసి పన్నెండు మందిని ఎన్నుకునే ఎన్నిక, ఆయన ఏడో స్థానంలో నెగ్గారు. సెనేటర్‌గా ఉంటూనే 2019లో కీత్ థర్మన్‌ను ఓడించారు. 2022లో ఒక్కరే గెలిచే అధ్యక్ష ఎన్నికలో మూడో స్థానంలో నిలిచారు. చూడండి, ఇక్కడా అదే తీరు.

ఇక ఆడుతూనే పదవిలో ఉండటం జపాన్ బాక్సర్‌కు సాధ్యమా అంటే, చాలాకాలం దాదాపు సాధ్యం కాలేదనే చెప్పాలి. జపాన్‌లో దిగువ సభకు పోటీ చేయాలంటే 25 ఏళ్ళు, ఎగువ సభకు 30 ఏళ్ళు నిండాలి. జపాన్ బాక్సింగ్ కమిషన్ 37 ఏళ్ళు నిండిన సాధారణ బాక్సర్లకు లైసెన్సు కొనసాగించని నియమాన్ని చాలా ఏళ్ళు పాటించింది. రెండు వయసుల మధ్య మిగిలేది చాలా సన్నని సందు. దానికి తోడు దిగువ సభ నియోజకవర్గంలో నిలబడాలంటే 30 లక్షల యెన్ల డిపాజిట్ కట్టాలి, పోలైన ఓట్లలో పదో వంతు రాకపోతే అది పోతుంది. ప్రపంచ టైటిల్ గెలవని జపాన్ బాక్సర్లలో చాలామంది పక్కన ఇంకో ఉద్యోగం చేసుకుంటూ ఆడేవారే, వారికి ఇది చిన్న మొత్తం కాదు.

మన దేశపు అనుభవం కూడా ఇంతకు భిన్నంగా లేదు. విజేందర్ సింగ్ 2019లో దక్షిణ ఢిల్లీ నుంచి లోక్‌సభకు పోటీ చేసి ఓడారు, మేరీ కోమ్ 2016లో రాష్ట్రపతి నామినేషన్ ద్వారా రాజ్యసభకు వెళ్ళారు. మన హైదరాబాద్ క్రికెటర్ అజారుద్దీన్ 2009లో ఎక్కడో ఉన్న మొరాదాబాద్‌లో గెలిచి, 2023లో సొంత నగరంలోని జూబ్లీహిల్స్‌లో ఓడారు. సొంత నేల ఉంటే చాలదని, అక్కడి యంత్రాంగం కూడా తన వెంట ఉండాలని ఈ చివరి ఉదాహరణ నా పై మాటను కొంచెం సవరిస్తుంది.

ఇషిమాత్సు ఆ ఓటమి తర్వాత టీవీకి, నటనకు తిరిగి వెళ్ళారు, జనం ఆయన్ని మునుపటిలాగే ఆదరించారు. ఆయన గురించి చదవడం మొదలుపెట్టాలనుకుంటే ఎన్నిక దగ్గర మొదలుపెట్టవద్దని నా సూచన. 1973 డురాన్ పోటీ, 1974 గొంజాలెజ్ పోటీ, 1975 బుకానన్ పోటీ, ఈ వరుసలో చూడండి. డురాన్ ముందు ఆయన ఎక్కడ వెనక్కి తగ్గారో గుర్తుపెట్టుకుని, బుకానన్‌తో చివరి ఐదు రౌండ్లలో అదే చోట ఏం చేశారో గమనించండి.